కాకి ముట్టని పిండం

పరగోడు, ఆదివారం, 1979

పోయిన వారం మా బావ వేపచెట్టు మీది కాకిగూడును కట్టెతో పడగొట్నాడు. అప్పట్నుంచి ఆ కాకి ఆయన్ని గుర్తుపెట్టుకోని, ఆయన తల మాత్రమే పొడుస్తాండాది, ఆయన దగ్గరుంటే మెతుకు కూడా ముట్టదు.

ఈపొద్దు మామ తద్దినం. పిండం పెట్టి బావ పక్కనే నిలబడినాడు. కాకి గోడ దిగలేదు.

"చిన్నకోడలు మా నాయన్ను సరిగ్గా చూసుకోలేదు, అందుకే" అన్యాడు బావ అందరి ముందర. మూడేండ్లు మంచంలో ఉన్న మామకు అన్నీ ఎత్తిపోసింది నేను!

"నువ్వు లోపలికి పో బావా" అని ఉంటే కాకి దిగేది. నేను అనలేదు. ఎండలో మాడనీ అనుకున్యా.

కడాకు, "నేను కలుపుకున్న బావి కాడి మడి తమ్మునికి తిరిగిచ్చేస్తా నాయనా, ముట్టు" అని గట్టిగా మొక్కుకోని, కండ్లు తిరిగి లోపలికి పోయినాడు. వెంటనే కాకి దిగింది.

నాయన ఒప్పుకున్యాడని బావ ఏడ్చినాడు. ఊరంతా చూసింది, ఇంక మాట తప్పలేడు.

రేపు ఆ కాకికి నెయ్యన్నం పెడతా.