లిండెన్‌బాఖ్ ఊరి పుస్తకం, పెదపారుపూడి పొలం

ఈ ఉదయం వదిన నా మంచినీళ్ళ గ్లాసుకు ఎర్ర దారం కట్టింది, పిల్లల గ్లాసులతో కలవకూడదని. ముడి చిన్నది, గట్టిది. దాని అర్థం నాకు తెలుసు. ఆమె చేసింది సరైన పనేనని కూడా తెలుసు. నా తెలివి స్థిరంగా ఉందనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదనుకుంటాను.

మచిలీపట్నం నివాసి, కీర్తిశేషులు భూగోళం మాస్టరు శేషాచలంగారి కుమార్తె, అవివాహిత, ఇరవై మూడేళ్ళ లలితాంబ అనే నేను, ఎవరి ఒత్తిడీ లేకుండా స్వహస్తంతో రాసుకున్న వీలునామా ఇది. ఊపిరితిత్తుల జబ్బు వల్ల చేయి త్వరగా అలిసిపోతుంది. మధ్యమధ్య ఆగి రాస్తున్నాను.

1. నాన్నగారి శిష్యులు, ప్లీడరు పూర్ణచంద్రరావుగారు ఈ వీలునామాను అమలు జరపాలి. ఆయన తొందరగా మాట్లాడతారు, నెమ్మదిగా చదువుతారు. దీన్ని రెండుసార్లు చదవమని కోరుతున్నాను.

2. మా అమ్మమ్మ సత్యవతమ్మగారు దానపత్రం ద్వారా నాకిచ్చిన పెదపారుపూడి పొలం ఎకరం యాభై సెంట్లు, మా అన్నయ్య జగన్నాథం పిల్లలు రాంబాబు, సుభాషిణి, రత్నం ముగ్గురికీ సమానంగా చెందాలి. పొలానికి ఉత్తరాన పంటకాలువ, దక్షిణాన మురుగుకాలువ ఉన్నాయి. దాన్ని అడ్డంగా కోయకూడదు. కాలువ నుంచి మురుగు దాకా పొడవుగా మూడు చీలికలు చేయాలి. ప్రతి చీలికకూ తలనీళ్ళూ ఉండాలి, కొస బురదా ఉండాలి.

అన్నయ్య, "ఆడపిల్లలకి తలో యాభై సెంట్లేమిటే, గట్లకే సరిపోతుంది" అన్నాడు. నిజమే. అయినా గట్లు వేయించాలి.

కారణం రాస్తున్నాను. తాతగారి పొలం పంచుకున్నప్పుడు పెదనాన్నగారు కాలువ పక్క భాగం తాను తీసుకుని, నాన్నగారికి కొస భాగం ఇచ్చారు. మా చేలోకి నీరు అందరి తరువాత వచ్చేది, వచ్చిన ఏడాది. నాన్నగారు బడిలో పిల్లలకు నదుల పేర్లు చెప్పుకుంటూ బతికారు. పెదనాన్నగారు కాలం చేసినప్పుడు నేను ఏడవలేదు. ఆ సంగతి ఇప్పుడు దాచాల్సిన పని లేదు.

పొడవుగా కోసే పద్ధతి మాత్రం నాది కాదు. కాన్వెంటులో నాకు చదువు చెప్పిన సిస్టర్ అగాథా గారిది జర్మనీలో లిండెన్‌బాఖ్ అనే చిన్న రైతుల పల్లె. నలభై రెండు ఇళ్ళు, ఒక వాగు, వాగుకు పైన మెట్ట. ఇంట్లో ఒక పక్క మనుషులు, ఒక పక్క ఆవులు. ఎప్పుడో ముప్పై ఏళ్ళు సాగిన యుద్ధంలో ఊరు కాలిపోతే ఏడు ఇళ్ళవాళ్ళు మిగిలారట. ఆ ఏడు ఇంటిపేర్లే ఇప్పటికీ ఎక్కువ. అక్కడ కొడుకుకూ కూతురుకూ సమానంగా పంచుతారు. వాగు ఒడ్డు నుంచి రాళ్ళ మెట్ట దాకా చీలికలుగా కోసి, కొయ్యముక్కల మీద గుర్తులు చెక్కి సంచిలో వేస్తే, అందరికన్నా చిన్నది ముందు తీస్తుంది. మా పిల్లలకూ అలాగే చేయాలి. రత్నం ముందు తీయాలి. వాళ్ళు మేజర్లయ్యే దాకా అన్నయ్య సాగు చేయించవచ్చు.

3. లిండెన్‌బాఖ్ ఊరి చరిత్ర, భూగోళం నేను రాసిన నోటుబుక్కును హంసలదీవి పున్నమ్మకు అప్పగిస్తున్నాను. పున్నమ్మ కాన్వెంటు వంటింటికి చేపలు తెచ్చేది. ఆమెకు చదువు రాదు. మా ఇంట్లో అందరికీ వచ్చు. జర్మనీతో యుద్ధం వచ్చి, ఈ వేసవిలో సర్కారువారు సిస్టరును జర్మనీ మనిషి అని లారీలో ఎక్కించుకుపోయాక, ఆమె మాట ఎత్తింది పున్నమ్మ ఒక్కతే. పుస్తకం ఇస్తే, "ఆ యమ్మ వచ్చిందాకా నా కొయ్యపెట్టెలో ఉంటది చిన్నమ్మగారూ. చేపల వాసనొచ్చిందని మాత్రం నన్ననమాకండి" అంది. వాసన వచ్చినా ఫరవాలేదు.

యుద్ధం అయిపోయాక పూర్ణచంద్రరావుగారు సిస్టరు జాడ విచారించి పుస్తకాన్ని ఆమెకు చేర్చాలి. ఆమె లేకపోతే లిండెన్‌బాఖ్ బడికి పంపాలి. అందులో తప్పులున్నాయి. వాగుకు వంతెనలు రెండో మూడో నాకు నిశ్చయం లేదు. సిస్టరే దిద్దాలి.

మొదట్లో ఆ ఊరి పటం గీసినప్పుడు నేను చేలన్నీ చదరంగా వేసి, చుట్టూ గట్లు పెట్టి, వాగుకు లాకులు కూడా కట్టాను. నేల అలా కాక ఇంకెలా ఉంటుందో నాకు తెలియదు. సిస్టరు నవ్వి నా పలకను బల్ల మీద ఏటవాలుగా ఆనించి, "మా భూమి పడుకొనలేదు లలితాంబా, ఒరిగి కూర్చున్నది" అన్నారు. ఆ పలక రత్నానికి.

4. వదిన త్రిపురసుందరికి నా గొడుగు, రెండు నూలు చీరలు. ఉతికించి ఎండలో వేసి వాడుకోమని మనవి. గ్లాసు పారేయవచ్చు.

5. అన్నయ్యకు నాన్నగారి చేతిగడియారం. అన్నయ్య సర్కారు ఆఫీసులో గుమస్తా. "ఆ జర్మనీ పుస్తకం ఇంట్లో ఉందని ఎవరైనా అంటే నా ఉద్యోగం ఊడుతుందే, పిల్లల్ని ఏం పెట్టి పెంచను?" అన్నాడు. ఆ భయం అబద్ధం కాదు. నేను కోపం పెట్టుకోలేదు. పెట్టుకునే ఓపిక కూడా లేదు. పున్నమ్మను మాత్రం ఆయన ఏమీ అడగకూడదు. ఈ ఒక్కటే నేను ఆయనను కోరేది.

పైన రాసినదంతా చదువుకుని, నా ఇష్టమే అని సంతకం చేస్తున్నాను.

మచిలీపట్నం, 12 నవంబరు 1940.
(సం.) లలితాంబ

సాక్షులు:
వెంకటసుబ్రహ్మణ్యం, పోస్టాఫీసు గుమస్తా
సత్యానందం, కాంపౌండరు

షెడ్యూలు (ఇది కూడా నా చేతిరాతే):

ఒకటి. పెదపారుపూడి గ్రామంలో మాగాణి ఎకరం యాభై సెంట్లు. హద్దులు దానపత్రంలో ఉన్నట్లే.

రెండు. నోటుబుక్కు ఒకటి, తొంభై ఆరు పుటలు. సిస్టరు చెబుతుంటే నేను రాసుకున్న పుస్తకం ఇది కాదు. దాన్ని అన్నయ్య జూన్ నెలలో నీళ్ళపొయ్యిలో వేశాడు. ఇది జ్ఞాపకం మీద మళ్ళీ రాసింది.