పంపని మెయిలు

ఏమండీ,

మీకు నా నమస్కారాలు. ఇక్కడ మామయ్యగారు, అత్తయ్య, మీ తమ్ముడు, తోడికోడలు అందరూ బాగానే ఉన్నారు. మామయ్యగారి మోకాలి నొప్పి కాస్త నెమ్మదించింది. షాపులో స్టూలు మీద కూర్చుని ఫోటోలకి ఫ్రేములు కడుతున్నారు. నేనూ బాగున్నాను. పోయిన ఉత్తరంలో ఆ మాట అలవాటుకొద్దీ రాశాను, ఈసారి నిజంగానే రాస్తున్నాను. ఎందుకో చదువుతూ పోతే మీకే అర్థమవుతుంది. ఓడలో మీరు వేళకి తింటున్నారా? ఇంజను గదిలో వేడికి ఒంటి మీద పొక్కులు వస్తున్నాయన్నారు, మందు రాసుకుంటున్నారా?

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. వంటింటి కిటికీ గడియ బాగుచేయించాను. మా క్లినిక్‌లో పంటి డాక్టరమ్మ నా జీతం పెంచుతానని ఇంకా అంటూనే ఉంది. కొత్త ఫోన్ బానే ఉంది గానీ దానికి నా మీద నమ్మకం లేదు. ఏది తెరవబోయినా నువ్వు మనిషివేనా అంటుంది, సైకిళ్ళున్న బొమ్మలు ఏరమంటుంది. సైకిలు చక్రం అంచు పక్క గడిలోకి వస్తే అదీ సైకిలు కిందికే వస్తుందో లేదో నాకిప్పటికీ తెలియదు. ఫోన్లో రెండు ముక్కలు కొట్టకుండా ఈ కాగితాల గోలేమిటని కూడా అడిగారు. అది చెప్పడానికే ఇంత పొడుగు ఉత్తరం. మీ ఓడ కంపెనీ ఆఫీసులో ఇస్తే రేవులో మీ చేతికే అందిస్తామన్నారు. కవరు నేనే అంటించాను.

ఇక మీ అసలు ప్రశ్న. “బిడ్డ సంగతి నాకంటే ముందు ఇంట్లో వాళ్ళందరికీ చెప్పావా? తమ్ముడి మెసేజ్‌లో చదువుకోవాల్సిన గతి పట్టింది నాకు” అని రాశారు. అది చదివి కాగితం మడిచి బీరువాలో పెట్టేశాను. మీ మీద కోపం రాలేదంటే అబద్ధం. కానీ మీ స్థానంలో నేనున్నా అదే అడిగేదాన్ని. జవాబు ఇది: నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు క్లినిక్‌కి సెలవు పెట్టి స్కానింగుకి ఒక్కదాన్నే వెళ్ళాను. అంతసేపూ కబుర్లు చెబుతున్న ఆవిడ, పొట్ట మీద మిషను తిప్పుతూ తిప్పుతూ కబుర్లు ఆపేసింది. అప్పుడే తెలిసిపోయింది నాకు. గుండె కొట్టుకోవడం లేదమ్మా అంది. రిపోర్టు మెయిల్‌కి పంపిస్తామన్నారు. బస్సెక్కాలనిపించక నడిచే వచ్చాను. దారి పొడుగునా మీకెలా చెప్పాలా అని మాటలు పేర్చుకుంటూనే ఉన్నాను. మీ ఓడ రేవు చేరాక, పక్కన ఎవరూ లేకుండా చూసి, ముందు మీ బాగోగులు అడిగి, తర్వాత మెల్లగా చెప్పాలనుకున్నాను. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తుంటే అత్తయ్య ఎదురొచ్చి, “పోనీలేమ్మా, చిన్న వయసు, మళ్ళీ అవుతుంది” అని నా తల నిమిరారు.

నేనింకా నోరు విప్పలేదండీ.

ఎవరు చెప్పారత్తయ్యా అంటే, ఎలాగో తెలిసిందిలే అన్నారు. వెనకాల మీ తమ్ముడు చేతులు కట్టుకుని విచారంగా నిలబడి ఉన్నాడు. అప్పటికే మీకు మెసేజ్ వెళ్ళిపోయిందట, అన్నయ్యకి నేను చెప్పేశాను, నువ్వు బాధపడుతూ చెప్పక్కర్లేదు వదినా అన్నాడు. ఏదో మేలు చేసినవాడిలా అన్నాడు. ఆసుపత్రి వాళ్ళే ఇంటికి ఫోన్ చేసుంటారనుకుని మర్నాడు వెళ్ళి వాళ్ళతో పోట్లాడాను. మేం చెయ్యలేదని వాళ్ళు ఒట్టు పెట్టుకున్నారు.

మనింటి సైంటిస్టు మీ తమ్ముడికి అన్నీ ముందే తెలుస్తాయని మీరూ మురిసిపోయేవారు కదా. పెద్దాసుపత్రిలో ఉద్యోగానికి నేను గుట్టుగా ఇంటర్వ్యూకి వెళ్ళొస్తే, ఇంటి మెట్లెక్కకముందే “ఎలా చేశావు వదినా?” అన్నాడు. తోడికోడలు పుట్టింటికి వెళ్ళాలని ఇంట్లో ఎవరికీ చెప్పకముందే, ఇప్పుడెందుకులే అనేవాడు. అడిగితే నాకెందుకో అనిపించింది అనేవాడు. మామయ్యగారు అయితే వాడిది పాదరసం బుర్ర అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు. ఇంట్లో అందరి ఫోన్లూ వాడే కదా సర్దిపెట్టింది. వీధిలో సగం మందివి కూడా. పాస్‌వర్డు మర్చిపోతే వాడే దిక్కు. అత్తయ్య ఫోన్ ఏది అడిగినా సరే సరే అని నొక్కేస్తారు, ఆ చిక్కులన్నీ విప్పేదీ వాడే. అందుకే ఎవరికీ అనుమానం రాలేదు.

సంగతి క్లినిక్‌లో బయటపడింది. డాక్టరమ్మ తన మెయిల్ ఎవరో తెరిచారేమోనని భయపడి చూసుకుంటూ, నీది కూడా చూసుకో అని నా ఫోన్లో ఒక పేజీ తెరిపించింది. మన మెయిలు ఎక్కడెక్కడ తెరిచి ఉందో అందులో కనబడుతుందట. నా ఫోను ఉంది. దాని కింద ఒక కంప్యూటరు ఉంది, అది కూడా ఆ రోజు వాడుతున్నదే. నాకు కంప్యూటరు ఎక్కడిది? పాస్‌వర్డు మారిస్తే ఓటీపీ వెళ్ళే నంబరు చివరి అంకెలు చూశాను. మీ తమ్ముడి నంబరు. ఫోన్ కొన్నరోజు “నీకు గుర్తుండదు వదినా, నా నంబరు ఇస్తాలే” అన్నాడు. నేనే థాంక్సు చెప్పాను.

తల కొట్టేసినట్టయింది. ఆ రిపోర్టు నాకంటే ముందు వాడు చదివాడు. నేను దారిలో మాటలు పేర్చుకుంటున్నప్పుడే వాడు షాపు వెనక గదిలో కూర్చుని మీకు టైపు చేస్తున్నాడు. మా క్లినిక్‌లో భార్యకి ఏ పన్ను పీకామో భర్త అడిగినా చెప్పం మేము. నా కడుపులో సంగతికి ఆపాటి మర్యాద కూడా దక్కలేదు.

డాక్టరమ్మ వెంటనే మార్చేసెయ్ అంది. వద్దండీ, కొన్నాళ్ళు తెరిచే ఉండనివ్వండి అన్నాను. నా మొహం చూసి ఆవిడ ఇంకేం అడగలేదు.

మామూలుగా గొడవపడితే ఏమవుతుందో నాకు తెలుసు. నేను చూడలేదంటాడు. అత్తయ్య ఏడుస్తారు. మామయ్యగారికి ఆ పేజీ ఏమిటో అర్థమే కాదు. చివరికి నేనే అనుమానపు మనిషినవుతాను. అందుకని బాగా ఆలోచించి మీకు పంపబోతున్నట్టు ఒక మెయిలు రాశాను. పంపలేదు. రాసి, చిత్తుప్రతిలా అలాగే వదిలేశాను. మీరు వచ్చే ఏడు ఓడ దిగి వచ్చేస్తున్నట్టు, ఫ్రేముల షాపు మీరే తీసుకోవాలని మనిద్దరం ఖాయం చేసుకున్నట్టు రాశాను. షాపు తనకే వస్తుందని వాడు ఎంతగా ఆశపెట్టుకున్నాడో మీకు తెలుసు. మామయ్యగారికి నేను నెమ్మదిగా చెబుతాను, మీరు తొందరపడకండి అని కూడా రాశాను.

మర్నాటి నుంచి వాడు నాతో మాట్లాడ్డం మానేశాడు. కూర వడ్డిస్తే చెయ్యి అడ్డం పెట్టాడు. నాకు లోపల ఎంత హాయిగా ఉందో చెప్పలేను. అన్నం సయించని మనిషినని అత్తయ్య నన్ను చూసి బెంగపడేవారు కదా, ఆ రోజు మారు వడ్డించుకుని తిన్నాను.

ఆదివారం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు వాడే కదిపాడు. మామయ్యగారివైపు చూడకుండా, “షాపు అన్నయ్యకే ఇచ్చేటట్టయితే ఇన్నాళ్ళూ నాచేత చాకిరీ ఎందుకు చేయించారు నాన్నా?” అన్నాడు.

మామయ్యగారు ముద్ద చేతిలోనే పట్టుకుని, ఎవరిస్తున్నారన్నారు. వాడు నావైపు తల తిప్పి, వదిననే అడగండి, అన్నయ్య వచ్చే ఏడు వచ్చేస్తున్నాడు, ఇద్దరూ మాట్లాడేసుకున్నారు అన్నాడు.

“ఆ మాట నేను ఎవరితో అన్నాను అబ్బాయ్?” అని అడిగాను.

తడబడ్డాడు. ఎవరో అన్నారన్నాడు. ఎవరో చెప్పమన్నాను. అన్నయ్యే అన్నాడన్నాడు. అప్పుడు నా ఫోన్ తీసి మామయ్యగారి కంచం పక్కన పెట్టాను. “ఈ మాట నేను మీ అన్నయ్యకీ చెప్పలేదు. ఆయన నాకూ చెప్పలేదు. షాపు సంగతి ఉత్తిది, కావాలని రాశాను. రాసి ఎవరికీ పంపలేదు. ఇది చదవాలంటే నా మెయిల్లోకి దూరాల్సిందే” అన్నాను.

మామయ్యగారికి పంపని మెయిలంటే బోధపడలేదు. ఉత్తరం రాసి పోస్టులో వెయ్యకుండా నా బీరువాలో దాచుకున్నట్టు లెక్క మామయ్యగారూ, బీరువా తీసి చదివింది మీ చిన్నబ్బాయి అన్నాను. బిడ్డ సంగతీ అలాగే తెలిసిందని చెప్పాను. అత్తయ్య చెయ్యి కడుక్కోకుండానే లేచి గోడవైపు తిరిగి నిలబడిపోయారు. తోడికోడలు మాత్రం అందరికంటే మెల్లగా మొగుణ్ణి అడిగింది, “నావి కూడా చదువుతున్నావా?” అని. వాడు తల దించుకుని కంచంలో మెతుకులు కెలికాడు. ఆ పిల్ల తన ఫోన్ తీసుకుని అత్తయ్య గదిలోకి వెళ్ళిపోయింది, ఇప్పటికీ అక్కడే పడుకుంటోంది.

మామయ్యగారు నన్ను వెంటబెట్టుకుని షాపు వెనక గదికి వెళ్ళి కంప్యూటరు తెరిపించారు. వరసగా అందరి మెయిళ్ళూ తెరిచి ఉన్నాయండీ. ఆయనవి, అత్తయ్యవి, భార్యవి, నావి, ఆఖరికి పై వాటాలో అద్దెకున్న టీచరమ్మవి కూడా. ఎవరైనా మోసగాళ్ళ చేతిలో పడతారేమోనని కనిపెట్టుకుని ఉన్నానన్నాడు. మొదట్లో అందుకే మొదలుపెట్టాడేమో, నాకు తెలియదు. మామయ్యగారు వాణ్ణి తిట్టలేదు. నువ్వు నా కొడుకువని ఎవరితోనూ చెప్పుకోలేకుండా చేశావు అని మాత్రం అన్నారు.

అక్కడితో ఆపేస్తే బాగుండేదని మీరనుకుంటారు. అత్తయ్యా అదే అన్నారు, చాలమ్మా, ఇంక వదిలెయ్ అని. నేను వదల్లేదు. క్లినిక్ నుంచి రాగానే వాడు ఫోన్లు సర్దిపెట్టిన ప్రతి ఇంటికీ వెళ్ళాను. ఆ పేజీ తెరిచి చూపించాను, ఓటీపీ నంబరు ఎవరిదో చూసుకోమన్నాను. మందుల షాపాయన చూసుకుని అక్కణ్ణుంచే మన షాపుకి బయల్దేరాడు. ఇప్పుడు వీధిలో వాణ్ణి చూస్తే జనం ఫోన్లు బోర్లా పెట్టుకుంటున్నారు. ఇంట్లో అందరి పాస్‌వర్డులూ ఎవరివి వాళ్ళచేతే మార్పించాను. అత్తయ్య కొత్తది పెట్టుకుని సాయంత్రానికల్లా మర్చిపోయారు. మళ్ళీ పెట్టుకున్నారు, మళ్ళీ మర్చిపోయారు. ఆ మెయిలు ఇంక తెరుచుకోదట. పోతే పోయింది, అందులో అన్నీ చీరల ప్రకటనలే అన్నారు.

ఇంతవరకూ రాసింది ఎవరినడిగినా చెబుతారు. ఇది మాత్రం నేను చెబితేనే మీకు తెలుస్తుంది.

ఆ మెయిల్లో షాపు సంగతొక్కటే రాస్తే వాడు నమ్మడేమోనని మరో ముక్క చేర్చాను. “వాడికి ఫ్రేము నాలుగు మూలలు కలపడం కూడా చేతకాదు, షాపు వాడి చేతిలో పెడితే నాన్న పేరు పోతుందని మీరన్నమాట నిజమే” అని రాశాను. మీరెప్పుడూ అలా అనలేదు. మీరనగలిగిన మనిషి కూడా కాదు. కానీ వాడికి ఎక్కడ తగులుతుందో వెతికి వెతికి రాశాను.

మొన్న నేను మెట్లెక్కుతుంటే వాడు కింద నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి ఉంది. తప్పయిపోయింది వదినా అన్నాడు. కాసేపు గోడ గీకుతూ నిలబడి, “షాపు సంగతి నువ్వు కల్పించావు, సరే. మూలల మాట... అది కూడా ఉత్తిదేనా? అన్నయ్య నిజంగా అలా అన్నాడా?” అని అడిగాడు.

నావైపే చూస్తున్నాడండీ. ఒక్క మాటంటే ఊపిరి పీల్చుకునేవాడు. ఆ రోజు గుమ్మంలో చేతులు కట్టుకుని నిలబడిన మొహమే అది.

“అన్నారు” అని చెప్పి పైకి వచ్చేశాను.

అప్పటి నుంచి వాడు గిరాకీల దగ్గరికి రావడం లేదు. వెనక గదిలో పనికిరాని చెక్క ముక్కలు ముందేసుకుని మూలలు కోస్తాడు, కలుపుతాడు, వెలుతురుకి పట్టి సందు ఉందేమో చూస్తాడు, విరిచేస్తాడు, మళ్ళీ మొదలుపెడతాడు. మామయ్యగారు వద్దన్నా వినడం లేదు. ఈ పూట క్లినిక్‌కి వెళుతూ కిటికీలోంచి చూశాను. వాడు చేసిన మూల ఎంత బాగా కుదిరిందంటే, సందులో గోరు కూడా దూరదు. అయినా విరిచేశాడు. నేను చూసి నా దారిన నేను వెళ్ళిపోయాను.

ఈ సంగతి దాచిపెట్టి మీకు ఉత్తరం రాయలేకపోయాను. మీ నోట్లో లేని మాట పెట్టినందుకు మీరు నన్ను ఏమన్నా పడతాను. వాడికి మీరే రాసి, నేననలేదురా అని చెబితే అడ్డుపడను, వాడు మీ తమ్ముడు. నన్ను చెప్పమని మాత్రం అడక్కండి. ఇప్పుడే కాదు.

ఒంట్లో జాగ్రత్త. మందు మర్చిపోకండి.

ఇట్లు,
ఈ సంగతి మీకు స్వయంగా చెప్పుకున్న
మీ భార్య