గ్రంథంలో దాచిన కాగితం

2003 మే, మంగళవారం రాత్రి, కుందుర్పి

గుడి అరుగు మీద పురాణం చెబుతూ నిప్పులు కురిపించే నోరు కదా నీది, ఈరోజు ఏమైపోయింది?

మా ఊరికొచ్చిన నాయకుడిని ప్రశ్నలడగమని కేబుల్ టీవీ వాళ్లు నన్ను కూర్చోబెట్టారు. మా వీధివాళ్ల ప్రశ్న ఒకటే: పన్నెండు రోజులుగా నీళ్ల ట్యాంకరు ఎందుకు రాలేదు? ఎదురింటి లక్ష్మీదేవమ్మ చెప్పగా కాగితం మీద రాసుకుని, పురాణ గ్రంథంలో పెట్టుకుని పోయాను.

ఆయన రాగానే నా కాళ్లకు మొక్కాడు. మొక్కినవాడికి దీవెన తప్ప మరో మాట అలవాటు లేని నోరు దీవించి ఊరుకుంది. ఆయన నా చేతిలోని గ్రంథం తీసుకుని కళ్లకద్దుకుంటుంటే కాగితం జారి కిందపడింది.

"ఏమి స్వామీ, మీరు గూడా అర్జీ తెచ్చినారా?" అని నవ్వాడు.

"అర్జీ కాదప్పా, శ్లోకాలు. మర్చిపోతానని రాసుకుంటి" అంటూ కాగితం తీసి మళ్లీ గ్రంథంలో దాచేశాను. గ్రంథం సాక్షిగా అబద్ధం! ఒక శ్లోకం పాడమన్నాడు. పాడాను. కెమెరా ఆపేశారు.

ఇంటికొస్తుంటే లక్ష్మీదేవమ్మ ఖాళీ బిందెతో ఎదురొచ్చింది. "అడిగినావా స్వామీ? ఏమన్నాడు?"

"పంపిస్తానన్నాడమ్మా."

"నువ్వడిగితే కాదంటాడా!" అని బిందె కింద పెట్టి నాకు దండం పెట్టింది.

రేపటి పురాణంలో సత్యం గురించి చెప్పాలి. ఏ మొహంతో...

నాయకుడు ఈ రాత్రికి రాయదుర్గంలోనే ఉంటాడు, తెల్లారితే వెళ్లిపోతాడు. అక్కడికి పోయే ఆఖరి బస్సు ఇంకా పోలేదు. ముందు లక్ష్మీదేవమ్మ తలుపు తట్టి నిజం చెప్పు. తర్వాత ఆ కాగితం చేత్తో పట్టుకుని బస్సెక్కు. గ్రంథం ఇంట్లోనే పెట్టు. లే, ఇప్పుడే లే!