వర్జ్యం వెళ్ళేదాకా

విశాఖపట్నం, 6-7-1955

చిరంజీవి నీలకంఠానికి, నేనూ నీ కూతురు వేదవతీ క్షేమంగానే ఉన్నాం. కాలేజీ సీటు మాత్రం దక్కలేదు.

ఉదయం తొమ్మిదికే చేరాం. ఇంటరు క్లాసులో రెండు సీట్లే మిగిలాయన్నారు. వర్జ్యం ఉందని దరఖాస్తు ఇవ్వనీయకుండా పిల్లను గంటన్నర అరుగు మీద కూర్చోబెట్టాను. బడి మొహం చూడనివాణ్ణి, పంచాంగంలోనే అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి, దాన్ని కాదనగలనా? మా కళ్ళముందే ఇద్దరు లోపలికి వెళ్ళారు. తీరా మేం వెళితే గుమాస్తా, "ఏటి తాతగారూ, పొద్దున్నుంచీ గుమ్మంలోనే కూకున్నారు గదా! ఆఖరు సీటు ఇప్పుడే పోనాది," అన్నాడు.

వేదవతి ఏడవలేదు. దరఖాస్తు మడిచి, "వర్జ్యం ఎల్లిపోయిందా తాతా?" అంది.

ఈ ఏడు సీటు రాకపోతే చదువు మాన్పిస్తానన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో, తప్పు నాది. శనివారం మేం దిగుతాం, పలాస స్టేషనుకు రా. జీడితోటకు కంచె కట్టించావా? కోడలు జానకికి ఆశీస్సులు. ముహూర్తాలకు ఎవరైనా వస్తే సోంపేట పురోహితుడి దగ్గరకు పంపించు. నేనిక చూడను.

మీ నాన్న
అప్పలనరసింహం