కిటికీ పక్క కుర్చీ

బాలల కోర్టు ఆఫీసు గుమాస్తా గారికి, వెల్డింగు షాపు పనివాడు నమస్కరించి రాయునది.

మా చెల్లెలు బడి కిటికీ అద్దం పగలగొట్టింది. తప్పే. జడ్జి గారు మందలించి, గార్డియన్ సంతకం పెట్టి ఇంటికి తీసుకెళ్లమన్నారు. దానికి అమ్మానాన్నా లేరు, నేనే గార్డియన్ని. సంతకం పడేదాకా దాన్ని బాలికల హోమ్‌లో ఉంచారు. మూడు రోజులుగా నేను తిరుగుతుంటే, "కాగితంలో అలా లేదు" అని తలెత్తకుండానే పంపించేస్తున్నారు. సోమవారం దానికి లెక్కల పరీక్ష. కడుపు మండిపోతోంది సార్! కాగితంలో ఏముందో కాగితం మీదే చెప్పండి.

తా.క. నా వయసు ఇరవై అయిదు. చూస్తే తెలుస్తుంది. చూడాలి కదా!

చిరంజీవి అబ్బాయికి, గుమాస్తా ఆశీర్వదించి రాయునది.

నాయనా, మా రికార్డు ప్రకారం అద్దం పగలగొట్టింది నువ్వు. గార్డియన్ మీ చెల్లెలు గారు. పాపం, ఆవిడ మూడు రోజులుగా నీ కోసం బాలికల హోమ్‌లోనే కాచుక్కూర్చున్నారు. వయసు ఇరవై అయిదని పొరపాటున రాశావు. పిల్లల గడిలో పద్దెనిమిది దాటకూడదు కనక పదిహేనుగా దిద్దాను.

తా.క. ఆవేశం తగ్గించుకో. వేళకు తిను.

గుమాస్తా గారికి నమస్కారం. ఇదే ఆఖరుది.

ఇప్పుడర్థమైంది! మీ బల్ల ముందు గోడ పక్క కుర్చీ పిల్లలది, కిటికీ పక్కది పెద్దలది. మీరు మొహాలు చూడరు, కుర్చీలు చూసి రాసేస్తారు. గోడ పక్క ఇనప కుర్చీకి కాలు విరిగింది. ఆ రోజు చెల్లెలు పడిపోతుందని దాన్ని కిటికీ పక్క మంచిదాంట్లో కూర్చోబెట్టి, కుంటిదాంట్లో నేను కూర్చున్నాను. అదా నా నేరం? మీసంతో ఉన్న ఫోటో పంపుతున్నాను. కళ్లజోడు తుడుచుకుని మరీ చూడండి!

తా.క. చెల్లెల్ని పంపకపోతే మీ రికార్డుని గ్యాస్ కట్టర్‌తో రెండు ముక్కలు చేస్తాను.

చిరంజీవికి దీవెనలు.

ఫోటో అందింది. ఈ వయసులో పెట్టుడు మీసాలొద్దు. నీ ఉత్తరాలన్నీ మీ గార్డియన్ గారికి పంపాను. గుండ్రటి చేతిరాతతో జవాబిచ్చారు: "అబ్బాయి సంగతి నేను చూసుకుంటాను. కాగితం పంపండి, సంతకం పెడతాను." పెట్టారు. కాగితం సక్రమంగా ఉంది కనక హోమ్ వాళ్లు గేటు తీశారు. ఎంత ఓపికగల మనిషి! ఇక నీ బాధ్యత ఆవిడదే.

తా.క. నీకు వెల్డింగు వచ్చట కదా. గార్డియన్ అనుమతితో వచ్చి మా కుర్చీ అతికిస్తావా?

గౌరవనీయులైన గుమాస్తా గారికి, మా గార్డియన్ పక్కన కూర్చుని రాయిస్తుండగా రాయునది.

గ్యాస్ కట్టర్ మాటకు క్షమించండి. ఇంకో నాలుగు మాటలు రాశాను, ఆవిడ కొట్టేసింది. పరీక్ష బాగానే రాసింది. కుర్చీ అతికిస్తాను. కానీ ఇంకోసారి ఎవరి చెల్లెలు అక్కడ కూర్చున్నా తలెత్తి చూడండి. ఈ ముక్క మాత్రం ఆవిడ కొట్టేయలేదు.

తా.క. పై ఉత్తరం నా ఎదుటే రాశాడు. కోపిష్ఠే గానీ చెడ్డవాడు కాడు. పద్దెనిమిది నిండేదాకా నేను చూసుకుంటాను.
ఇట్లు, గార్డియన్, ఎనిమిదో తరగతి.