ఇనుప మెట్ల దారి

బీమా ఆఫీసు పెద్దలకు,

నమస్కారం. అయ్యా, నేను కొండ కింది ఊళ్లో వడ్రంగిని. తలుపులూ కిటికీలూ చేసేవాళ్లు మా వీధిలో వేరే ఉన్నారు. నేను చేసేవి పెట్టెలు. బట్టలు పెట్టుకునేవి కావు, మనుషుల్ని పెట్టేవి. అందుకే అందరూ పెట్టెల మేస్త్రి అంటారు. కొండ ఉన్నంతకాలం నాకు పనికి లోటు లేదు.

అసలు సంగతేమిటంటే, మా ఆవిడ కొండ ఎక్కుతానంటోంది. ఇంతవరకూ ఆవిడ ఎక్కిన ఎత్తల్లా మా అటక. అదీ నేను నిచ్చెన పట్టుకుంటేనే. వద్దన్నాను, బతిమాలాను, అలిగి భోజనం మానేశాను. ఆవిడ నా వంతు కూడా తినేసి, ఎక్కడానికి బలం కావాలిగా అంది. పైన ఆవిడ చూడాల్సిన చోటు ఒకటుంది. ఎక్కకుండా ఆపడం నావల్ల కాదు కనక దింపే సంగతి చూడాలి. ఎక్కిన మనిషి క్షేమంగా కిందికి రావాలి, నాకు కావలసింది అదొక్కటే. ఏదైనా అయితే మీవాళ్లు వెళ్లి తీసుకొస్తారట కదా, ఆ బీమా ఆవిడ పేరు మీద ఇప్పించండి.

దారి కూడా చెప్పండి. నాకో లెక్కుంది. దక్షిణం గండి నుంచి నాకు ఏటా పనొస్తుంది. తూర్పు అంచు కూడా నమ్మకమైనదే, మంచు కరిగాక తప్పకుండా ఒక పెట్టె అడుగుతుంది. బండకి ఇనుప మెట్లు దిగ్గొట్టి, పక్కనే ఉక్కు తీగ లాగిన దారి ఒకటుంది చూశారూ, అక్కణ్నుంచి మాత్రం ఇంతవరకూ ఎవరూ నా గుమ్మం తొక్కలేదు. వ్యాపారం దృష్టితో చూస్తే పనికిమాలిన దారి. మా ఆవిడకి అదే బాగుంటుందని నా ఉద్దేశం.

ఇట్లు,
పెట్టెల మేస్త్రి

తా.క. నడుముకి కట్టుకునే పట్టీ అద్దెకిస్తామని, కొలతలు పంపమని మీ కాగితంలో ఉంది. పంపుతున్నాను. ఆవిణ్ని అడగలేదు, నిద్రపోతుంటే చూసి రాశాను. పొడవు తల నుంచి మడమ దాకా, వెడల్పు చేతులు గుండెల మీద ముడిస్తే మోచేతి నుంచి మోచేతికి. లోతు కూడా వేశాను. పట్టీ కొంచెం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. నా దగ్గరికొచ్చినవాళ్లెవరూ ఇంతవరకూ బిగుతుగా ఉందని ఫిర్యాదు చెయ్యలేదు.

*

పెట్టెల మేస్త్రి గారికి,

మీ ఉత్తరం అందింది. మా గదిలో అందరం చదివాం. ఆ తర్వాత ఎవరికీ టీ దిగలేదు.

ముందుగా ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. ఇది జీవిత బీమా కాదు. మేం భరించేది కొండ మీద గాలింపుకీ, హెలికాప్టరుకీ, ఆస్పత్రికి చేర్చడానికీ అయ్యే ఖర్చు. మనిషి పోతే భర్తకి చిల్లిగవ్వ రాదు. మీ శ్రీమతి గారు కిందికి రాకపోతే మీకు ఒరిగేది ఏమీ ఉండదని గట్టిగా తెలియజేస్తున్నాం. నిద్రపోతున్న భార్యకి తెలియకుండా ఆ కొలతలు తీసుకోవడం గురించి మా పై అధికారి మీ వివరణ కోరుతున్నారు. ఆమె స్వయంగా, మీరు పక్కన లేనప్పుడు, రాసిన ఉత్తరం కూడా కావాలి.

దారి విషయంలో మీతో మాకు పేచీ లేదు. కొత్తవాళ్లకి మేం చెప్పేది కూడా ఇనుప మెట్ల దారే. మీరు ఆ నిర్ణయానికి వచ్చిన పద్ధతే మాకు మింగుడు పడటం లేదు.

ఇట్లు,
దరఖాస్తుల గుమాస్తా

తా.క. నేను అయ్యని కాను, ఆడపిల్లని. మరొకటి, మీరు పంపిన కొలతలకి మా దగ్గర పట్టీ లేదు. గుడారం ఉంది.

*

గుమాస్తా అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. కళ్లజోడు తీసేసి మరీ నవ్వింది. మావాడు పోయాక ఆవిడ నవ్వగా నేను చూడటం ఇదే. నన్ను హంతకుణ్ని చేస్తే చేశావు గానీ, ఆ పుణ్యం నీదే.

మాకు ఒక్కడే కొడుకు. కిందటేడు దక్షిణం గండిలోంచి ఒంటరిగా ఎక్కాడు. ఎటు వెళ్తున్నదీ ఎవరికీ చెప్పలేదు. పైనించి జారి, ఇనుప మెట్ల దారి పక్కనున్న రాతి అరుగు మీద పడ్డాడు. ఏ దారిన పోయాడో తెలియక వెతికేవాళ్లు కొండంతా తిరిగారు. వాడి పెట్టె నేనే చేశాను. కొలతలు తీసుకోలేదు. తండ్రిని, నాకు తెలియదా.

అప్పట్నుంచీ నాకు పట్టిన రోగమేమిటంటే, ఎవరిని చూసినా కొలతలే కనిపిస్తాయి. మా ఆవిడ పక్కకి తిరిగి పడుకున్నా కనిపిస్తాయి. మీ పై అధికారికి నా వివరణ ఇదే.

ఆవిడ చూస్తానంటున్నది ఆ అరుగే. నా భయం బండల గురించి కాదమ్మా. ఏడాదిగా ఆవిడ ఏడవలేదు. ఇల్లు ఊడుస్తుంది, వంట చేస్తుంది, నాకు రంపం అందిస్తుంది, ఉన్నట్టుండి కొండ ఎక్కుతానంటుంది. అక్కడ కూర్చుంటే మరి లేవదేమోనని.

ఇట్లు,
పెట్టెల మేస్త్రి

తా.క. ఆవిడ తన ఉత్తరం వేరే పంపుతోంది. నన్ను చూడనివ్వలేదు. నేను నిన్ను చంపడం లేదని రాశావా అని అడిగితే, ఇంతవరకూ చంపలేదని రాశానంది.

*

మేస్త్రి గారికి,

నమస్కారాలు. ఏం రాయాలో తెలియక ఈ ఉత్తరం రెండుసార్లు చింపేశాను. మా మాటల్ని మనసులో పెట్టుకోకండి. మీ శ్రీమతి గారి ఉత్తరం అందింది. 'ఆయన మంచివాడు, కొలతలు మాత్రం తప్పు' అని రాసి, నడుముదీ తొడలదీ చుట్టుకొలత ఇచ్చారు. బీమా కాగితం, పట్టీ, తలకి టోపీ పంపుతున్నాను.

పట్టీకి రెండు పొట్టి తాళ్లు, వాటి చివర రెండు కొక్కేలు ఉంటాయి. రెండూ ఉక్కు తీగకే తగిలించి ఎక్కాలి. తీగని బండకి బిగించిన చోటు వస్తే ఒకటి తీసి అవతల తగిలించాక గానీ రెండోది తీయకూడదు. ఏ క్షణంలోనూ రెండూ ఖాళీగా ఉండకూడదు. పొద్దున్నే బయల్దేరండి. ఉరుము వినిపిస్తే ఆ ఇనుము దగ్గర ఉండకూడదు. ఏ దారిన వెళ్తున్నారో, ఎప్పటికి తిరిగొస్తారో కింద చెక్‌పోస్టులో చెప్పి మరీ వెళ్లండి. దిగాక వచ్చామనీ చెప్పండి.

ఒక సందేహం. దరఖాస్తు ఒక్కటే వచ్చింది. మీరు ఆమెతో వెళ్లడం లేదా?

ఇట్లు,
దరఖాస్తుల గుమాస్తా

తా.క. వివరణ సరిపోయిందని మా పై అధికారి అన్నారు. తను మాత్రం మీ ఊరు ఎప్పుడూ రానన్నారు.

*

అమ్మాయికి,

ఆశీస్సులు. పట్టీ అతికినట్టు సరిపోయింది. ఆవిడ సాధన కోసం మా షెడ్డు గోడకి ఇనుప మెట్లు దిగ్గొట్టాను, తీగ కూడా లాగాను. రోజంతా టకటకా కొక్కేలు మారుస్తూ గోడ మీదే ఉంటోంది. మొన్న కింది వీధాయన తన తల్లి పెట్టె కోసం వచ్చి, పాపం దుఃఖంలో ఉన్నాడు, తలెత్తి చూస్తే టోపీ పెట్టుకుని మా ఆవిడ కప్పు దగ్గర వేలాడుతోంది. ఆయన ఏడుపు సగంలో ఆపి, తనూ ఓసారి ఎక్కొచ్చా అని అడిగాడు.

నేనూ వెళ్తున్నాను. వెళ్లకపోతే ఆవిణ్ని వెనక్కి తెచ్చేదెవరు? నాకు బీమా మాత్రం అక్కర్లేదు. ఆవిడ దిగితే చాలు. నేను రాకపోతే వెతకనక్కర్లేదు, ఎక్కడుంటానో నీకు తెలుసుగా.

ఇట్లు,
పెట్టెల మేస్త్రి

తా.క. భయపడకు. ఈ చుట్టుపక్కల పెట్టె చేసేవాణ్ని నేనొక్కణ్నే. నాకేమైనా అయితే నా పెట్టె చేసేందుకు దిక్కులేదు. కాబట్టి నాకేమీ కాదు.

*

బాబాయి గారికి,

మీ తా.క. చదివి మా గదిలో ఒక్కరూ నవ్వలేదు.

మీ పేరు మీద కూడా బీమా ఉంటేనే పిన్ని గారిది చెల్లుతుంది. ఇలాంటి నిబంధన మా దగ్గర ఇంతకుముందు లేదు. ఇవాళే పెట్టాం. మా పై అధికారి సంతకం కూడా చేశారు. ఇందులో పెట్టిన దరఖాస్తు మీద మీరు సంతకం చేసి పంపకపోతే ఇద్దరూ ఎక్కడానికి వీల్లేదు. కోపం వస్తే నా మీద చూపించండి, కాగితం మీద కాదు.

ఇట్లు,
మీ అమ్మాయి, దరఖాస్తుల గుమాస్తా

తా.క. మీ నడుము కొలత పిన్ని గారిని రాయమనండి. మీ చేత్తో రాసిన కొలతలు ఈ ఆఫీసులో ఇక తీసుకోరు.

*

అమ్మాయికి,

ఆశీస్సులు. వెళ్లాం, వచ్చాం. ఇద్దరం.

మా ఆవిడ ఎక్కింది చూడూ, మేకపిల్ల కూడా అలా ఎక్కదు. తన కొక్కేలతో పాటు నావి కూడా ఆవిడే చూసింది. నేను మెట్టు మెట్టుకీ ఆవిడ మొహం చూస్తూ ఎక్కాను. అరుగు దగ్గరికొచ్చాం. చిన్న చోటమ్మా, ఇద్దరు కూర్చుంటే నిండిపోతుంది. ఆవిడ బండ మీద చెయ్యి వేసి ఏడ్చింది. ఏడాదిగా దాచుకున్నదంతా ఏడ్చేసింది. తర్వాత మొహం తుడుచుకుని, నీళ్లు తాగి, మబ్బు పడుతోంది దిగుదాం అంది.

నేను లేవలేదు. లేవలేకపోయానో, లేవదల్చుకోలేదో నాకిప్పటికీ తెలియదు. నువ్వు నడు, నేను కాసేపాగి వస్తానన్నాను. ఆవిడ నడవలేదు. ఒక కొక్కెం తీగకే ఉంచి, రెండోది నా పట్టీకి తగిలించి పక్కన కూర్చుంది.

"నాకోసం రాలేదయ్యా నేను," అంది. "వాణ్ని తలుచుకోడానికి నాకు కొండెక్కే పనేముంది? వాడు పోయినప్పట్నుంచీ నువ్వు ఇక్కడే ఉంటున్నావు. నిన్ను ఇంటికి తీసుకుపోదామని వచ్చాను."

నేను ఆవిణ్ని కనిపెట్టుకుని ఉన్నాననుకున్నానమ్మా. ఆవిడ గోడలెక్కి సాధన చేసిందంతా నా కోసమని నాకు తట్టనే లేదు. అప్పుడొచ్చింది నాకు ఏడుపు. కాళ్లల్లో మాత్రం సత్తువ రాలేదు. దూరంగా ఉరిమేసరికి ఆవిడ ఇక మాటలు ఆపి మీవాళ్లకి ఫోన్ చేసింది. వాళ్లు వచ్చి నన్ను తాడుకి కట్టి, మూటలా కిందికి దించారు. ఆవిడ తన కాళ్లతో తనే దిగి, చెక్‌పోస్టులో ఇద్దరం వచ్చామని చెప్పింది.

ఇట్లు,
మీ బాబాయి

తా.క. ఖర్చుల కాగితం నింపి పంపుతున్నాం. రక్షణకు కారణం అన్నచోట ఏం రాయాలో నాకు తోచలేదు. కాలు విరగలేదు, తల పగల్లేదు. 'కూర్చున్నాడు, లేవలేదు' అని రాశాను. మా ఆవిడ అది కొట్టేసి, 'ఇంటికి రమ్మంటే మొదట రానన్నాడు, తర్వాత వచ్చాడు' అని రాసింది. మీ నిబంధనల ప్రకారం ఇది చెల్లుతుందో లేదో కనుక్కుని రాయి.