సొరపాదుకు కట్టిన ఎర్రగుడ్డ

ఇంటి యజమానురాలికి మీ ఆయన రాయునది. ఇక్కడ అందరం క్షేమం, నీ క్షేమం తెలియాలి. అందరం అంటే నేను, నా కుట్టుమిషను, నువ్వు నా నెత్తిన పెట్టి వెళ్లిన ఇద్దరు విద్యార్థులు.

నీకేం, వాళ్ల దేశం వెళ్లి వాళ్ల కాలేజీలో సాగు నేర్పుతున్నావు. బదులుగా వాళ్ల పిల్లలు వచ్చి మన తోటలో నేర్చుకోవాలట, అదీ ప్రాజెక్టు. నేర్పాల్సిన మనిషి అక్కడుంటే, ఇక్కడ దర్జీవాడు ఏం నేర్పుతాడని ఒక్కరికీ తట్టలేదు. తెలుగు నేర్చుకునే వచ్చారు, నువ్వు రాసే ఉత్తరాలు చదివి వాళ్లే చేసుకుంటారన్నావు. చేసుకుంటున్నారు, నా ప్రాణం తీస్తూ.

మిషను బాగైందా అని అడిగావు, అయింది. పిల్లలు సరిగా తింటున్నారా అన్నావు, నాకంటే బాగానే తింటున్నారు. పొడుగమ్మాయికి వానపాము కనిపిస్తే చాలు, పరుగెత్తుకొచ్చి నా చేతిలో పెడుతుంది. అవతల పెళ్లివాళ్ల జాకెట్టు మిషను మీదుంటుంది. కళ్లద్దాల అబ్బాయి ప్రతిదానికీ "ఎందుకు బాబాయ్?" అంటాడు. పేడ మాగాకే ఎందుకు వేయాలంటే, "మీ పిన్ని చెప్పింది కాబట్టి" అన్నాను. అదీ రాసుకున్నాడు. పైగా నా గుడ్డముక్కల సంచిలోంచి మంచి ఎర్రగుడ్డ తీసి పాదుకు కట్టారు.

సొరపాదు ఎలా ఉందని మూడు ఉత్తరాల్లో అడిగావు. మూడుసార్లూ నేను మిషను సంగతే రాశాను. ఇక దాచి లాభం లేదు.

మీ అమ్మగారిచ్చిన విత్తనమని, గింజల కోసం నువ్వు పాదు మీదే వదిలిన రెండు కాయలూ కోసేశాను. ముదిరిపోయి చూడ్డానికి బాగోలేదని పక్కింటి గేదెకు వేశాను. పిల్లల తప్పేం లేదు. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని మరీ ఆపింది.

"వద్దు బాబాయ్. పిన్ని ఉంచమంది. అందుకే గుర్తుగా గుడ్డ కట్టాం."

"మా ఇంటి పాదు గురించి నాకు నువ్వు చెప్పేదేంటి?" అన్నాను.

ఇప్పుడు పాదు ఎండిపోయింది, ఒక్క పిందె లేదు. విత్తనాల డబ్బా ఖాళీ. పిల్లలు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే కాస్త పోట్లాడి తేలికపడేవాణ్ణి.

వెళ్లేముందు డబ్బాలో గింజలన్నీ ఆ కాలేజీకని నువ్వు మూట కడుతుంటే, ముక్కూ మొహం తెలియనివాళ్లకు ఊడ్చిపెడతావా అని రెండు రోజులు నీతో మాట్లాడలేదు. మీ అమ్మగారి విత్తనం ఇప్పుడు ఆ మూటలోనే మిగిలింది. వచ్చే నెల విత్తుతామని రాశావు కదా, ఈలోపే నాలుగు గింజలు అడిగి పక్కన పెట్టు. ఇచ్చింది తిరిగి అడగడం నామోషీ అనిపిస్తే, మా ఆయన తెలివితక్కువ పని చేశాడని చెప్పెయ్. నాకేం అభ్యంతరం లేదు.

అడిగితే ఇస్తారా అని ఆ అమ్మాయిని అడిగాను. "మీరు మాకు ఇచ్చారుగా బాబాయ్" అంది. నేను వద్దన్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఆ సంగతి నువ్వు కూడా చెప్పకు.

ఇట్లు,
ఎంతైనా మీ ఆయన